కాబోయే రోగం

జూలై 9, 1992

పొద్దున్నే హైదరాబాదు నుంచి వచ్చాం. ఇది ఎక్కడో ఒకచోట రాసి పెట్టకపోతే ఇవాళ ఎవరినో ఒకరిని కరిచేస్తాను.

పెద్దాసుపత్రి డాక్టరమ్మ చెయ్యి మంచిదే, నోరే మంచిది కాదు. "నాలుగేళ్ళ కింద గర్భసంచి తీయించుకున్నావు. ఆ తర్వాత ఒక్కసారైనా చూపించుకున్నావా?" అని అరిచింది. సంచే లేనిదాన్ని, చూపించుకోవడానికి ఏముంటుందనుకున్నానండీ అన్నాను. "సంచి పోతే దారి పోతుందా? ఆ దారి లోపల, పైభాగంలో పొర చెడుతోంది" అంది. పోయినసారి భూతద్దంలాంటి యంత్రం పెట్టి చూసి చిన్న ముక్క తీసింది కదా, ఆ పరీక్షలో తేలిందట.

"క్యాన్సరా అండీ?"

"కాదు. ఇంకా కాలేదు. వదిలేస్తే కావచ్చు."

కాబోయే అనే మాట మనవాళ్ళు పెళ్ళికొడుకుకే వాడతారు. నాకు నలభై ఆరేళ్ళ వయసులో కాబోయే క్యాన్సరు. సంబంధం కుదిరింది, ముహూర్తమే పెట్టలేదు.

తెల్లబట్ట అయినప్పుడల్లా అత్తయ్య "వేడి చేసింది" అని సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చింది. బార్లీ కాచి పోసింది. రెండేళ్ళు తాగాను. మొన్న వేసవిలో చీరకి ఎర్ర మరక కనపడితే దానికీ సబ్జాలే. అప్పుడు ఖమ్మం పోయి చూపించుకుంటే వాళ్ళు హైదరాబాదు పంపారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈపాటికి నా కడుపులో సబ్జా మొక్క మొలిచేది.

కోసి తీసేయనా, మందు పెట్టుకుంటావా అని డాక్టరమ్మే అడిగింది. కోస్తే దారి కురచవుతుందట. మందే అన్నాను. ఆయింట్‌మెంటు. వారానికి ఒక రాత్రి లోపల పెట్టుకుని పొద్దున్నే కడుక్కోవాలి. చుట్టూ చర్మం కాలకుండా తెల్ల పేస్టు రాసుకోవాలి. పది వారాలు. "మండుతుంది. పుళ్ళు పడతాయి. మండిందని మానేశావా, నా దగ్గరికి రాకు. చెడ్డ పొర ఊడాలంటే మండక చస్తుందా" అంది. ఇంకోటి కూడా చెప్పింది. తను మళ్ళీ చూసి సరేననేదాకా మొగుడు దగ్గరికి రాకూడదు. వస్తే పుండు మానదు, చేసిన వైద్యమంతా దండగ. ఆ మందు తగిలితే ఆయన చర్మం కూడా ఊడుతుందట. "పిలువు ఆయన్ని, నేనే చెప్తా."

ఆయన వస్తేగా! ఆడవాళ్ళ వార్డులోకి నేను రానని మెట్ల దగ్గర సిగరెట్టు కాలుస్తూ నిలబడ్డాడు. నర్సు వెళ్ళి పిలిచినా రాలేదు.

రైల్లో నేనే చెప్పాను. "మళ్ళీ డాక్టరమ్మ చూసేదాకా వద్దండీ" అన్నాను. పేపరు మడిచాడు.

"క్యాన్సర్ కాదందిగా?"

"కాదంది."

"కాకపోతే ఇంకేంటి నీ గోల?" అని మళ్ళీ పేపరు విప్పాడు. మందు తగిలితే ఏమవుతుందో కూడా చెప్పబోయాను. పేపరు అడ్డం. డోర్నకల్ దాకా పేపరుతోనే ప్రయాణం చేశాను.

జూలై 10

ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. అత్తయ్యది క్యాన్సర్ పార్టీ. "అదే, అదేనే! మనకి చెప్పట్లేదంతే. మా పినతల్లికీ ఇలాంటి జబ్బే" అని పొద్దుటి నుంచి ముక్కు చీదుతోంది. ఆయనది ఏమీ లేదు పార్టీ. "లేని రోగానికి మందేంటి, డబ్బు గుంజడానికి" అంటాడు. కాదు, కాబోతుంది, ఆపుకోవచ్చు అని నేను చెబితే ఇద్దరూ నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూశారు. ఇంటికి నిప్పంటుకుంటేనే నీళ్ళు పోస్తారు కాబోలు వీళ్ళు. చూరులో నిప్పురవ్వ పడితే ఇంకా అంటుకోలేదుగా అని కూర్చుంటారు.

బోనకల్లులో కాపురముంటున్న మా పిల్లకి ఉత్తరం రాయలేదు. రాస్తే ఏడుస్తూ దిగుతుంది, దాన్ని ఓదార్చడం ఇంకో పని.

జూలై 14

మొదటిసారి పెట్టుకున్నాను.

జూలై 15

మిరపకాయలు తొడిమలు తీసిన చేత్తో కన్ను నలుపుకుంటే ఎలా ఉంటుందో, అలా. కన్నయితే కడుక్కోవచ్చు. ముత్తక్క అంట్లు తోముతూ "ఏందమ్మా, గట్ల నడుస్తున్నవ్?" అంది. కాలు బెణికిందన్నాను. "ఏ కాలు?" అంది. నోరు ముయ్యమన్నాను.

జూలై 21

రెండోసారి. పేస్టు బాగా రాశాను ఈసారి.

జూలై 22

రాయడానికేమీ లేదు.

జూలై 23

పత్తిలో కలుపు తీయించాం. కూలీలు అడవి వైపు ఊళ్ళనుంచి వచ్చారు. వంకాయ కూర. వాన లేదు. రాయడానికేమీ లేదు.

జూలై 24

ఇరవై ఒకటో తారీఖు రాత్రి వద్దన్నాను. మందు పెట్టుకున్నానని కూడా అన్నాను. "నీ ఒళ్ళు నీ డాక్టరమ్మదా?" అన్నాడు. వాడు.

వాడు అని రాశాను. చెరపను.

జూలై 26

దేవుడున్నాడు! లేకపోతే మందైనా ఉంది.

నిన్నటి నుంచి ఆయన కాళ్ళు ఎడంగా వేసి నడుస్తున్నాడు. పంచె తగిలితే పళ్ళు కొరుకుతున్నాడు. చెప్పడు. ఇవాళ మధ్యాహ్నం చాటుగా ఆరెంపీ సీతయ్యని పిలిపించుకున్నాడు. గదిలో తలుపేసుకుని ఇద్దరూ గుసగుసలు. సీతయ్య గొంతు గుసగుసకి లొంగేది కాదు. "అయ్యో, తోలంత లేసిపోయింది గదా దొరా! గిది అంటురోగమే. యాడ వట్టుకొచ్చినవ్?" అన్నాడు. ఆయనేమన్నాడో వినపడలేదు. "అవ్, అవ్. ఇంట్ల నుంచే అంటుకుంటది గట్ల" అన్నాడు సీతయ్య. సూది వేసి పోయాడు.

సాయంత్రం తల్లినీ కొడుకునీ ఎదురుగా పెట్టుకుని నిలబడ్డాను. "నీ రోగం నాకంటించావు కదే!" అన్నాడు ఆయన. కళ్ళలో నీళ్ళు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన కళ్ళలో నీళ్ళు చూడలేదు, వాళ్ళ నాన్న పోయినప్పుడు కూడా.

అది రోగం కాదు, మందు. నాది అంటుకునేది కూడా కాదు. వారం రోజులు ఊరుకుంటే మానిపోతుంది. ఈ మూడు ముక్కలు చెబితే అయిపోయేది. నోరు తెరిచాను కూడా. ఈలోగా అత్తయ్య అంది: "అబ్బాయ్, ఇది లోపలుండటానికి వీల్లేదు. చావిట్లో చాప వేసుకుని పడుకోమను. కంచం, చెంబు వేరే పెడతా. నీ దగ్గరికి గానీ, దేవుడి గూటి దగ్గరికి గానీ రాకూడదు."

ఆయన దగ్గరికి రాకూడదు అంది.

నేను నోరు మూసుకున్నాను.

జూలై 30

బయట చేరాను. సంచి తీయించుకున్నాక ఆ చాప చూస్తాననుకోలేదు. కృష్ణా జిల్లా నుంచి ఈ అడవి అంచుకి వచ్చి ముప్పై ఏళ్ళయింది, పొలాలు వచ్చాయి, ట్రాక్టరు వచ్చింది, అత్తయ్య మాత్రం ఆ మూడు రోజుల బయట చేరడం ఒక్క నెల వదిలిపెట్టనివ్వలేదు. ఇప్పుడు మూడు రోజులు కాదు, రోగం పోయేదాకా అట. అన్నం పైనుంచి వేస్తుంది. నీళ్ళు పైనుంచి పోస్తుంది. తగలకుండా వేయడంలో ఆవిడకి యాభై ఏళ్ళ అనుభవం.

ముత్తక్క నా చాప చూసి నవ్వింది. "మాకైతే ముట్టప్పుడు ఊరవతల గుడిసె ఉంటది. నీకేముందమ్మా, గోడ కూడా లేకపాయె" అంది. "నీ పని చూసుకో" అన్నాను. "చూస్కుంటనే ఉన్న" అని చీపురు నా కాలికి తగిలించి మరీ ఊడ్చింది. ఇంట్లో నన్ను ముట్టుకున్నది అదొక్కతే, అదీ చీపురుతో.

ఆగస్టు 4

మందు పెట్టుకున్నాను. ఎవరూ రాలేదు. హాయిగా మండింది.

ఆగస్టు 12

ఈ వారం పెట్టుకోలేదు. నాకు ఈ మందు పడలేదు. కొంతమందికి పడదు. మా చిన్నమ్మకి పెన్సిలిన్ పడేది కాదు. ఒంటికి పడని మందు పెట్టుకుంటే ఉన్న రోగం పెరుగుతుంది. కూర్చోలేను, ఒంటికి పోలేను. డాక్టరమ్మకేం, ఆవిడ లోపల పుండు లేదు. ఆపేయడమే మంచిది. నాకు పడలేదు.

ఆగస్టు 19

ఈ వారం కూడా పెట్టుకోలేదు. నొప్పి తగ్గింది. చూశారా, పడలేదని చెప్పానా! ఎవరికి చెప్పానో.

ఆగస్టు 20

సత్తుపల్లి నుంచి ఆదెమ్మ వచ్చింది. అత్తయ్యకి మేనకోడలు. చావడి పక్కనే కూర్చుని మాట్లాడుకున్నారు. నేను చాప మీద ఉన్నానన్న సంగతి మర్చిపోయారో, ఉంటేనేం అనుకున్నారో.

"కార్తీకం దాటదే ఆదెమ్మా. ముఖం చూడు ఎలా పీక్కుపోయిందో" అంది అత్తయ్య.

"అయ్యో పాపం. మరి బావకి వండిపెట్టేదెవరత్తా?"

"అదేగా నా దిగులు. యాభై రెండు మగాడికొక వయసా? మీ వైపు ఎవరన్నా పేదింటి పిల్ల, ఒకసారి చెడిపోయిన సంబంధమైనా సరే..."

తర్వాత నా చీరలు పంచారు. నెమలికంఠం రంగు పట్టుచీర ఆదెమ్మకి ఇస్తానంది. అది మా అమ్మ పెట్టిన చీర! నా పెళ్ళిచీర! నేను అడ్డంగా పడుకుని ఉండగానే!

లేచి వెళ్ళి పెట్టెలోంచి చీర తీసి తెచ్చి చాప మీద తలకింద పెట్టుకున్నాను. "ఏమేవ్, ముట్టుకున్నావే పెట్టెని!" అని అత్తయ్య అరిచింది. "ఇక ఆ పెట్టె ఎవరూ ముట్టుకోకండి, అంటుకుంటుంది" అన్నాను. ఆదెమ్మ కాఫీ తాగకుండా లేచింది.

ఈ రాత్రి మందు పెట్టుకుంటాను. పడినా పడకపోయినా. మిగిలిన వారాలన్నీ పెట్టుకుంటాను. ఆ ఇద్దరూ కార్తీక దీపాలు వెలిగించుకునేటప్పుడు ఎదురుగా కూర్చుని దగ్గుతాను.

సెప్టెంబరు 3

మండుతోంది. మండనీ.

సెప్టెంబరు 15

ఆయనకి ఎప్పుడో మానింది. నా దగ్గరికి రాకపోతే మానక ఏం చేస్తుంది. సీతయ్య సూదులతో మానిందనుకుంటున్నాడు. సీతయ్యకి ఒక మేకపిల్లని కూడా ఇచ్చాడు.

ఇవాళ చావిట్లోకి వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. ముఖం తేటగా ఉంది. "నాకు తగ్గింది. సీతయ్యని రమ్మంటా, నీకూ నాలుగు సూదులు వేస్తాడు. రేపు తలంటుకుని లోపలికి వచ్చేయ్" అన్నాడు. మెల్లగానే అన్నాడు. ఆ మెత్తదనం నాకు తెలుసు. జూలైలో వద్దన్నాక కూడా అంతే మెత్తగా తలుపు గడియ పెట్టాడు.

ఇంకా కొన్ని వారాల మందుంది. లోపలంతా పచ్చి పుండు. ఇప్పుడు లోపలికి వెళితే అంతా మొదటికొస్తుంది. వద్దండీ అని ఇంకోసారి అనొచ్చు. అది పనిచేయదని ఒకసారి చూశాను.

అందుకని ఇలా అన్నాను: "పైకి తగ్గినట్టే కనపడుతుందటండీ. లోపల ఉంటుందట."

"ఎవరన్నారు?"

"నాకూ నాలుగేళ్ళు అలాగే లోపలుంది కదా."

ఒక్క అబద్ధం లేదు ఇందులో, 'అట' అన్న ముక్క తప్ప. ఆయన గోడ పట్టుకున్నాడు. "మరి నేనూ... పెద్దాసుపత్రికి..." అన్నాడు. జనవరిలో నన్ను చూస్తానంది డాక్టరమ్మ, అప్పుడు మీరూ చూపించుకోండి అన్నాను. ఈలోగా? అన్నాడు. ఈలోగా దూరంగా ఉండటమే మందు అన్నాను. తల ఊపాడు. చిన్నపిల్లాడిలా.

నాకు నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఏడుస్తున్నాననుకుని వెళ్ళిపోయాడు.

అక్టోబరు 6

భద్రాచలం వెళ్ళి గుండు కొట్టించుకుని వచ్చాడు. గోదాట్లో మునిగాడట. రాములవారికి ఏమని మొక్కాడో అత్తయ్యకి కూడా చెప్పలేదు. సిగరెట్లు మానేశాడు. అన్నం సరిగ్గా తినడం లేదు. ఆ గుండుతో అరుగు మీద కూర్చుని అడవి వైపు చూస్తుంటే వయసైపోయినవాడిలా ఉన్నాడు.

జాలేసింది. నిజంగానే వేసింది. మజ్జిగ తీసుకుని వెళ్ళి చెప్పేద్దామనుకున్నాను. మీకేమీ లేదండీ, అది మందు చేసిన పుండు అని. దగ్గరికి వెళ్ళేసరికి తలెత్తి, "నీకేం! నీకు ఎలాగూ వయసైపోయింది. నా బతుకు పాడుచేశావు" అన్నాడు.

మజ్జిగ నేనే తాగాను.

అక్టోబరు 12

మందు అయిపోయింది. ఖాళీ ట్యూబుల్ని పెరట్లో పాతిపెట్టాను. ఇప్పుడిక ఆ పొర చచ్చిందో బతికుందో జనవరిలో గానీ తెలియదు. ఒకవేళ పోకపోతే కోయడమే అంది. ఈ మాట ఇంతవరకూ రాయలేదు. భయంగా ఉంది. చాలా భయంగా ఉంది. ఇంట్లో భయపడటానికి కూడా ఒక మనిషి తోడు లేదు, ఉన్న ఒక్కడూ తన భయం తను పడుతున్నాడు.

నవంబరు 10

కార్తీక పౌర్ణమి. దీపాలు. చావిట్లోంచి దగ్గాను. అత్తయ్య నా వైపు చూడలేదు.

డిసెంబరు 27

మిరప తోట ఎర్రబడింది. మంట లేదు, మరక లేదు, తెల్లబట్ట లేదు. ఏమీ లేదంటే తగ్గినట్టు కాదు. పైకి తగ్గినట్టే కనపడుతుందని ఆయన్ని భయపెట్టానా, ఆ మాట నన్నూ పట్టుకుంది.

జనవరి 20, 1993

హైదరాబాదు. డాక్టరమ్మ యంత్రం పెట్టి చూసింది. ఏదో ద్రవం పూసి మళ్ళీ చూసింది. తెల్లమచ్చలు లేవంది. చిన్న ముక్క తీసింది. రెండు మూడు రోజులు ధర్మశాలలో ఉండమంది. ఆయన్ని మగ డాక్టరు దగ్గరికి పంపబోతే పరీక్ష గది ముందు జనాన్ని చూసి వెనక్కి వచ్చాడు. రేపు పోతానన్నాడు.

జనవరి 22

ఆయన ఇవాళ కూడా రేపే అన్నాడు. ధర్మశాలలో ఒక్కో రకం వాళ్ళకి ఒక్కో గోడ. కాలేదన్నవాళ్ళు, అయిందన్నవాళ్ళు, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నవాళ్ళు. మా చాప పక్కన ఒకావిడ రాత్రంతా మూలిగింది. నాకంటే చిన్నది. దానికి కూడా ఒకప్పుడు 'ఇంకా కాలేదు' అనే రోజు ఒకటి ఉండే ఉంటుంది, ఎవరూ చూడలేదు.

జనవరి 23

పోయింది! పొర శుభ్రంగా ఉందట! "మళ్ళీ రావచ్చు. ఆర్నెల్లకోసారి రా. బతికినన్నాళ్ళూ ఏడాదికోసారైనా రా. సబ్జాలు తాగుతూ కూర్చోకు" అంది డాక్టరమ్మ. కాళ్ళకి దణ్ణం పెట్టబోతే విసుక్కుంది. "ఇంకో రెండు నెలలాగి కాపురం చేయొచ్చు, నీకు ఇష్టమైతే" అంది. ఆ ఆఖరి ముక్క అందరికీ చెబుతుందో, నా ముఖం చూసి చెప్పిందో.

ఆయన ఆ పూటే మగ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. పావుగంట కూడా కాలేదు, బయటికి వచ్చాడు. ముఖంలో చుక్క నెత్తురు లేదు. ఏమన్నారండీ అంటే స్టేషను వైపు నడిచాడు. రైలెక్కాం. కాజీపేట దాటేదాకా కిటికీలోంచే చూశాడు. పేపరు కూడా కొనలేదు.

డోర్నకల్లో దిగి మా కారేపల్లి ప్యాసింజరు కోసం బెంచీ మీద కూర్చున్నాం. అప్పుడు అడిగాడు, నా వైపు చూడకుండా.

"అది నీ మందు వల్ల అయిన పుండట కదా."

"అవునండీ."

"నాకే రోగమూ లేదట. డాక్టరు నవ్వాడు. పక్కన కుర్రడాక్టర్లు కూడా నవ్వారు." నా వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"మొదటి రోజు నుంచి."

బెంచీ మీద నుంచి లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. చుట్టూ జనం ఉన్నారు కాబట్టి గొంతు తగ్గించి అరిచాడు. "ఆర్నెల్లు చచ్చాను కదే! రోజూ చచ్చాను! గుండు కొట్టించుకున్నాను! ఒక్క మాట చెప్పొచ్చు కదా నువ్వు!"

"చెప్పాను కదండీ" అన్నాను. "వద్దని చెప్పాను."

ప్యాసింజరు వచ్చింది. రైలుపెట్టె సగం ఖాళీ. నేను కిటికీ పక్కన కూర్చున్నాను. ఆయన వచ్చి నా పక్క సీటు చూశాడు, నన్ను చూశాడు. కారేపల్లి దాకా తలుపు దగ్గర నిలబడే వచ్చాడు.